వైణికుడు చిట్టిబాబు గారి జీవితం – నాకు తెలిసిన నాలుగు మాటలు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాసి ఇవ్వవలసిందని కార్యదర్శి గారు ఫోను చేసి అడిగారు. ముప్ఫై నాలుగేళ్లు ఆఫీసులో నోట్లు, డ్రాఫ్టులు వ్రాసినవాడినే గాని నేను రచయితను కాను. పైగా నాకు సంగీతం రాదు, వినడం మాత్రమే వచ్చు. అయినా ఒప్పుకున్నాను. కారణం మా ఇంట్లోనే ఉంది. ముందు అది చెప్పి తర్వాత అసలు విషయానికి వస్తాను.

మేము కొండాపూర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాము. బాల్కనీలో నిలబడితే హైటెక్ సిటీ అద్దాల మేడలు కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజుల్లో ఇటు వచ్చినవారికి రాళ్లగుట్టలు, మధ్యలో ఆ ఒక్క మేడ కనిపించేవి. ఈ వేళ రాళ్లను వెతుక్కోవాలి. మా మనుమరాలు మాదాపూర్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నది. చిన్నప్పటి నుంచి ఎనిమిదేళ్లు వీణ నేర్చుకుంది. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొబ్బిలి వీణే ఆ అమ్మాయి చేతికి వచ్చింది. కిందటి దసరాకు మా అపార్టుమెంటులో ఒక త్యాగరాజ కృతి వాయించి, పెద్దవాళ్లు అడిగారని రెండు పాత సినిమా పాటలు కూడా వాయించింది. అందరూ సంతోషించారు. ఆ సంగతి తెలిసి పాఠం చెప్పే గురువు గారు మాత్రం కోప్పడ్డారట. వీణ మీద సినిమా పాట వాయిస్తే చెయ్యి చెడిపోతుందని, అది రెంటికీ చెడ్డ రేవడి బ్రతుకని అన్నారట. ఆ రోజు నుంచి వీణ మీద కప్పిన గుడ్డ తియ్యలేదు.

నాకు వెంటనే చిట్టిబాబు గారు గుర్తుకు వచ్చారు. ఆయన చేతి మీదుగా ఎన్ని రకాల సంగీతం వెళ్లిందో, ఆ చెయ్యి చెడిందో బాగుపడిందో చెప్పాలనిపించింది.

చిట్టిబాబు గారు 1936 అక్టోబరు 13న కాకినాడలో జన్మించారు. ఇంటిపేరు చల్లపల్లి. తండ్రి రంగారావు గారు, తల్లి సుందరమ్మ గారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హనుమానులు. చిట్టిబాబు అన్నది ముద్దుపేరు. ముద్దుపేరే అసలు పేరయి దేశదేశాలు తిరిగింది. మనలో ఎవరికైనా సర్వీసు రిజిస్టరులో ఒక పేరు, వాడుకలో ఒక పేరు ఉంటే పెన్షన్ కాగితాల దగ్గర ఎంత తంటా పడ్డామో మీకు తెలుసు. ఆయనకు ఆ బాధ లేకపోయింది.

గోదావరి జిల్లాలో వీణ కొత్తది కాదు. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వర శాస్త్రి గారి వీణ గురించి మా చిన్నతనంలో పెద్దలు కథలుగా చెప్పేవారు. కాకినాడలో సరస్వతీ గానసభ ఉండేది. అటువంటి ఊళ్లో, సంగీతం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఆయన. ఐదేళ్ల వయసులో, తండ్రి గారు వీణ వాయిస్తూ ఒక స్వరం తప్పు పలికిస్తే పక్కనున్న పిల్లవాడు వీణ అందుకుని సరిచేసి చూపించాడని చెప్పుకుంటారు. తండ్రి అందుకు కోపగించుకోకుండా పాఠం మొదలుపెట్టారు. తర్వాత ఈయుణ్ణి అప్పలాచార్యులు గారి వంటి గురువుల దగ్గర శిక్షణ అయింది. పన్నెండేళ్లకే మొదటి కచేరీ చేశారు.

ఇక్కడ వీణ గురించి తెలియనివారి కోసం ఒక్క మాట. పనస కర్రతో చేస్తారు. మైనంలో కుదిర్చిన ఇరవై నాలుగు మెట్లు ఉంటాయి. వాయించడానికి నాలుగు తీగలు, తాళానికి మూడు తీగలు. కుడిచేత్తో మీటాలి, ఎడమచేత్తో మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించాలి. లాగడం వెంట్రుకవాసి ఎక్కువైతే స్వరం మారిపోతుంది. మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు ఒకే దుంగను తొలిచి చేసే ఏకాండి వీణలకు పెద్ద పేరు. ఇంతటి శ్రమతో పలికే వాద్యానికి శబ్దం మాత్రం సన్నం. చిన్న గదిలో బాగుంటుంది, పెద్ద సభలో వెనక వరుసకు చేరదు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, ముందు అవసరమవుతుంది.

1948లో కుటుంబం మద్రాసు చేరింది. కారణం వీణ కాదు, సినిమా. భరణీ పిక్చర్స్ వారు భానుమతి, అక్కినేని నాగేశ్వరరావు గార్లతో తీసిన లైలా మజ్నులో పిల్లవాడి వేషం వచ్చింది. ఆ చిత్రం 1949లో విడుదలైంది. వేషం అంతటితో సరి. కాని మద్రాసు వెళ్లడం వల్ల రెండు జరిగాయి. ఒకటి, ఈమని శంకరశాస్త్రి గారి వంటి గురువు దొరికారు. రెండు, సినిమా ఆర్కెస్ట్రాలో కూర్చునే పని దొరికింది.

ఈమని వారిది ద్రాక్షారామం. జెమినీ స్టూడియో సంగీత విభాగంలో పనిచేసినవారు. తర్వాత ఢిల్లీ వెళ్లి ఆకాశవాణి వాద్యబృందానికి రచనలు చేసి నడిపించారు. ఎవరెస్టు శిఖరం ఎక్కడం మీద ఆదర్శ శిఖరారోహణం అని ఒక వాద్యరచన చేశారు. అంటే శుద్ధ శాస్త్రీయం తెలిసి కూడా, నలభై వాద్యాలు కలిసి పలికే పని తక్కువదని అనుకోని మనిషి. శిష్యునికి వీణతో పాటు ఆ బుద్ధీ అబ్బిందని నా అభిప్రాయం.

1948 నుంచి సుమారు 1962 వరకు, అంటే పన్నెండో ఏట నుంచి ఇరవై ఆరో ఏట వరకు, చిట్టిబాబు గారు సినిమా రికార్డింగులకు వీణ వాయించారు. ఆ పని ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇప్పుడు గాయని ఒక రోజు, వీణ ఒక రోజు, డ్రమ్స్ మరో ఊళ్లో రికార్డు చేసి కంప్యూటరులో కలుపుతారు. ఆ రోజుల్లో పాడేవారు, వాయించేవారు అందరూ ఒకే హాలులో కూర్చునేవారు. పాట మొదటి నుంచి చివరి దాకా ఒక్క దమ్ములో రావాలి. ఎవరు ఎక్కడ తప్పినా అందరూ మళ్లీ మొదటి నుంచి. ఇరవై మంది వయొలిన్లు, సితారు, వేణువు, తబలా ఒక పక్క. క్లారినెట్, సాక్సఫోన్, ట్రంపెట్, ట్రాంబోన్ ఒక పక్క.

ఈ ట్రాంబోన్ అన్న దానిని మీరు పోలీసు బ్యాండులో చూసే ఉంటారు. పొడుగాటి ఇత్తడి గొట్టాన్ని ముందుకు వెనక్కి జరుపుతూ ఊదుతారు. దానికి మెట్లు లేవు, ఏడు స్థానాలు ఉంటాయి, చెయ్యి ఎంత దూరం చాచాలో చెవే చెప్పాలి. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారుతూ పోగల వాద్యమది. మన గమకానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. అటువంటి వాద్యగాడు పొద్దున చర్చిలో కీర్తన, మధ్యాహ్నం సినిమా డ్యాన్సు పాట, రాత్రి హోటల్లో జాజ్ వాయించి బ్రతికేవాడు. పడమటి దేశాలలోనూ ఇదే పద్ధతి. ఏ పాట ఇస్తే ఆ పాట, ఏ తీరు అడిగితే ఆ తీరు. పేరు మాత్రం ఎక్కడా ఉండదు. వీణ పట్టుకుని కూర్చున్న కుర్రవాడికీ అదే ఉద్యోగం.

ఉదయం ఒక స్టూడియోలో పౌరాణికానికి శ్రీరాగం బిట్టు. సాయంత్రం మరో స్టూడియోలో ప్రేమపాటకు హిందుస్తానీ పోకడ. తెలుగు, తమిళం ఏదైనా సరే. సాలూరి రాజేశ్వరరావు గారు, ఘంటసాల గారు, పెండ్యాల గారు, తమిళంలో విశ్వనాథన్–రామమూర్తి గార్లు, అందరి ఆర్కెస్ట్రాల్లోనూ పనిచేశారు. నాలుగు నిమిషాల పాటలో వీణకు దక్కేది పదిహేను సెకన్లు. ఆ పదిహేను సెకన్లలో రాగం తెలియాలి, భావం తెలియాలి, తాళం తప్పకూడదు, పక్కవాడి మీద పడకూడదు. మూడు గంటల కచేరీ చేసేవారికి ఇది చాలా కష్టమైన పరీక్ష అని నాకు తెలిసిన ఒక విద్వాంసులు చెప్పేవారు.

ఇది చదువుతుంటే మీకూ నాకు తోచినదే తోచి ఉండాలి. మనమూ పేరు లేని పనే చేశాము. నోటు వ్రాసేది గుమాస్తా, సంతకం అధికారిది. జీవో బయటికి వచ్చినప్పుడు అందులో మన వాక్యం ఉంటుంది, మన పేరు ఉండదు. అయితే ఒక తేడా ఉంది. మనకు నెల తిరిగేసరికి జీతం, రిటైరైతే పెన్షన్, కరువు భత్యం. వాద్యగాడికి కాల్‌షీటు ఉంటే కూలి, లేకపోతే లేదు. సర్వీసు రిజిస్టరు లేదు, సీనియారిటీ లిస్టు లేదు.

ఈ తేడా దగ్గరే నా సొంత తప్పు ఒకటి ఉంది. మా తమ్ముడు క్లారినెట్ చాలా బాగా వాయించేవాడు. 1970 తర్వాత కొద్దికాలానికి మద్రాసులో ఆర్కెస్ట్రాలో చేరే అవకాశం వచ్చింది. నాన్నగారు పోయారు, ఇంటికి పెద్దవాడిని నేను. పెన్షన్ లేని పని వద్దన్నాను. వాడు అన్నయ్య మాట జవదాటలేదు. పరీక్ష వ్రాసి నాలాగే గుమాస్తా అయ్యాడు. ఈ రోజు కాకినాడలో పెన్షన్ తీసుకుంటూ సుఖంగానే ఉన్నాడు. ఏనాడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. క్లారినెట్ మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. నేను చేసింది తప్పేనని గట్టిగా చెప్పలేను, ఒప్పని చెప్పడానికీ నోరు రాదు.

ఇక చిట్టిబాబు గారి సంగతికి వస్తే, 1962 ప్రాంతంలో ఆయన ఆర్కెస్ట్రా పని తగ్గించుకుని కచేరీల మీదకు మళ్లారు. అప్పటికి చేతినిండా రికార్డింగులు. వచ్చే డబ్బు వదులుకుని, రాని పేరు కోసం బయలుదేరడం చిన్న సంగతి కాదు. పైగా సభల్లో కొందరు పెద్దలకు సినిమా నుంచి వచ్చినవాడన్న చిన్నచూపు ఉండేది. ఒకే వ్యక్తి వీణ, ఒకే త్యాగరాజ కృతి, కాని చెవి కంటే ముందు ఆ మాట అడ్డం వచ్చేది.

ఆయన జవాబు చేతితో ఇచ్చారు. సినిమాలో నేర్చుకున్న దానిని దాచుకోలేదు, వాడుకున్నారు. పదిహేను సెకన్లలో భావం చెప్పే అలవాటు కృతి వాయించేటప్పుడు పనికి వచ్చింది. సాహిత్యం వినపడేట్టు, మనిషి పాడినట్టు వాయించడం ఆయన పద్ధతి. వేదమంత్రాల ఉదాత్తానుదాత్తాలు కూడా తీగ మీద పలికించారు. మైకు ముందు పనిచేసిన అనుభవం వల్ల శబ్దం ఎంత సున్నితంగా మీటితే ఎలా వినిపిస్తుందో ఆయనకు తెలుసు. వీణ శబ్దం సన్నమని ఇందాక మనవి చేశాను. ఆ తరంలో కొందరు వైణికులు వీణకు కాంటాక్ట్ మైకు తగిలించారు. ఆయనా దానిని వాడారు. సంప్రదాయవాదులు అభ్యంతరం చెప్పారు. వెనక వరుసలో కూర్చునే నాబోటివారికి మాత్రం వీణ వినపడింది.

1964లో మళ్లీ సినిమా పిలిచింది. ఈసారి వేరుగా. శ్రీధర్ గారు తమిళంలో తీసిన కలైక్కోయిల్ కథలో నాయకుడు వైణికుడు. తెర మీద ముత్తురామన్, తెర వెనక చిట్టిబాబు గారి వీణ. సంగీతం విశ్వనాథన్–రామమూర్తి. పూర్వం వారి ఆర్కెస్ట్రాలో ఒకడిగా కూర్చున్న వ్యక్తి, ఇప్పుడు చిత్రానికే ప్రాణమైన వీణగా వచ్చారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. పదేళ్ల తర్వాత 1974లో రాజాజీ గారి రచన ఆధారంగా మన సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన దిక్కట్ర పార్వతికి ఆయనే సంగీత దర్శకులు. ఆ చిత్రానికి ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. ఆర్కెస్ట్రాలో కూర్చున్నవారు ఆర్కెస్ట్రాను నడిపించే స్థానానికి చేరారు.

సొంత రచనలు కూడా చేశారు. అందరికీ తెలిసినది కొమ్మలో కోయిల. తీగను లాగే పద్ధతిలో కోయిల కూత అచ్చంగా వినిపిస్తుంది. వెడ్డింగ్ బెల్స్ అని మరొకటి, పాశ్చాత్య పద్ధతి కలిసినది. పండితులు కొందరు వీటిని గారడీ అన్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రవీంద్రభారతిలో ఆయన కచేరీ విన్నాను. రెండు గంటలు పెద్ద రాగాలు, త్యాగరాజ కృతులు. చివరకు వచ్చేసరికి వెనక నుంచి కోయిల, కోయిల అని కేకలు. ఆయన చిన్నగా నవ్వి అందుకున్నారు. నా పక్కన ఒక బస్సు కండక్టరు యూనిఫారంలోనే వచ్చి కూర్చున్నాడు. కోయిల కోసం వచ్చినవాడు ముందు రెండు గంటలూ కదలకుండా కృతులు విన్నాడు. గారడీ అన్నవారు ఆ కండక్టరును చూసి ఉండరు.

తర్వాత గౌరవాలు వరుసగా వచ్చాయి. తమిళనాడు ప్రభుత్వం కలైమామణి ఇచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో సత్కరించింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసులయ్యారు. 1990లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. అది శాస్త్రీయ సంగీతానికి ఇచ్చే పెద్ద గుర్తింపు. సినిమావాడు అన్న మాటకు ఆ రోజుతో ఫైలు మూసినట్టే. విదేశాలలో అనేక కచేరీలు చేశారు. శిష్యులను తయారుచేశారు.

1996 ఫిబ్రవరి 9న మద్రాసులో స్వర్గస్థులయ్యారు. యాభై తొమ్మిదేళ్లు. మన రాష్ట్రంలో అప్పటి లెక్కన రిటైరై ఏడాది దాటిన వయసు. మనము పెన్షన్ తీసుకోవడం మొదలుపెట్టే వయసుకు ఆయన నలభై ఏడేళ్ల వృత్తి పూర్తిచేసుకుని వెళ్లిపోయారు.

ఆయన జీవితం చూస్తే నాకు అర్థమైనది ఇది. చెయ్యి చెడేది సినిమా పాట వల్ల కాదు, అశ్రద్ధ వల్ల. ఇచ్చిన పదిహేను సెకన్లనూ శ్రద్ధగా వాయించినవాడికి మూడు గంటల కచేరీ అందుతుంది. పేరు లేని చోట ఒళ్లు దాచుకోకుండా చేసిన పనే తర్వాత పేరు తెచ్చింది. అందరికీ తేవాలని లేదు. ఆ ఆర్కెస్ట్రాల్లో ఆయన పక్కన కూర్చున్న ఎందరో పేరు లేకుండానే వెళ్లిపోయారు. పాత పాట వింటున్నప్పుడు మధ్యలో ఆ వీణ బిట్టు, ఆ వేణువు, వెనక ట్రాంబోన్ వినపడితే ఒక్క క్షణం వారిని తలుచుకోవడం మన ధర్మం. పేరు లేకుండా పనిచేయడం అంటే ఏమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఈ వ్యాసాన్ని కంప్యూటరులో కొట్టి పెట్టింది మా మనుమరాలే. కొడుతూ మధ్యలో ఆగి, తాతయ్యా, మేము వ్రాసే ప్రోగ్రాముల మీదా మా పేర్లు ఉండవు తెలుసా అంది. పూర్తయ్యాక ఏమీ అనలేదు. ఆదివారం పొద్దున చూస్తే గుడ్డ తీసి ఉంది. ఇన్ని నెలలు ముట్టకపోవడంతో రెండు తీగలు తుప్పు పట్టాయి, కొత్తవి కావాలి అంది. నేను తెస్తానన్నాను. హైటెక్ సిటీ స్టేషనులో మెట్రో ఎక్కితే కోఠి దాకా వెళ్లడం నాకు కష్టం కాదు. ఆ గురువు గారి దగ్గరకు మళ్లీ వెళ్లమని, పాఠం మానవద్దని, సినిమా పాటా మానవద్దని చెప్పాను.

అదే రోజు కాకినాడకు ఫోను చేసి మా తమ్ముణ్ణి క్లారినెట్ ఎక్కడుందిరా అని అడిగాను. అటక మీద ఉంది అన్నయ్యా, ఎందుకు అన్నాడు. ఊరికే అడిగానన్నాను. వచ్చే నెల లైఫ్ సర్టిఫికెట్ పని చూసుకుని వాడి దగ్గరకు వెళ్లి వద్దామనుకుంటున్నాను.

తప్పులుంటే పెద్దలు మన్నించగలరు. శెలవు.